మూడు మందులకూ లొంగని బీపీ, మందమవుతున్న గుండె గోడ: అధివృక్క గ్రంథిలోని చిన్న గడ్డకు దీనితో సంబంధం ఉందా?

ప్రశ్న: పెద్దక్క, కాకినాడ

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 41 సంవత్సరాలు. జూనియర్ కళాశాలలో అధ్యాపకుడు. 34వ ఏట బీపీ ఉన్నట్టు తెలిసింది. అప్పటి నుంచి మాత్రలు పెరుగుతూ వచ్చాయే తప్ప బీపీ 150/95 కంటే కిందికి దిగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ప్రస్తుతం టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, క్లోర్థాలిడోన్ మూడూ పూర్తి మోతాదులో వాడుతున్నాడు. ఒక్క పూట కూడా మాత్ర మానడు, ఆ విషయంలో నేను హామీ ఇవ్వగలను. రక్త పరీక్ష చేయించిన ప్రతిసారీ పొటాషియం 3 దరిదాపుల్లోనే ఉంటోంది, చివరిసారి 2.9 వచ్చింది. అది నీరు పోయే మాత్ర క్లోర్థాలిడోన్ వల్ల వచ్చిందేనని చెప్పి పొటాషియం సిరప్ రాసి పంపించారు.

గత నెలలో ఒక రాత్రి గుండె దడదడలాడుతోందని లేచి కూర్చున్నాడు. ఆసుపత్రికి తీసుకువెళితే ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే కర్ణికలు లయ తప్పి అస్తవ్యస్తంగా కొట్టుకోవడం అన్నారు. ఎకోలో ఎడమ జఠరిక గోడ మందం 14 మిల్లీమీటర్లు ఉందనీ, ఎడమ కర్ణిక పెద్దదయిందనీ రాశారు. లయను అదుపు చేయడానికి మెటోప్రొలాల్, రక్తం గడ్డకట్టకుండా మరొక మాత్ర చేర్చారు.

నన్ను ఇక్కడ రాయించిన సంగతి వేరే ఉంది. రెండేళ్ళ క్రితం కడుపు నొప్పికి తీసిన సీటీ స్కాన్ రిపోర్టును మొన్న పాత కాగితాలు సర్దుతూ చదివాను. చివరి వరుసలో ఎడమ అధివృక్క గ్రంథిలో 1.6 సెంటీమీటర్ల గడ్డ ఉందనీ, హాని లేనిదిగా తోస్తోందనీ రాసి ఉంది. అప్పట్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, మేమూ అడగలేదు. మూత్రపిండం మీద కూర్చునే అంత చిన్న గ్రంథి గుండెను ఈ స్థితికి తీసుకురాగలదా? మా నాన్నగారు 52వ ఏట పక్షవాతంతో పోయారు. అందుకే నిద్ర పట్టడం లేదు. తెలిసిన వారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: ఒక ఫిజీషియన్, గుంటూరు

పెద్దక్క గారికి నమస్కారం. మీ తమ్ముడిని చూడకుండా నేను రోగ నిర్ధారణ చేయలేను, చేయకూడదు కూడా. అయితే చిన్న వయసులో మొదలై మూడు మందులకూ లొంగని బీపీ, తగ్గిన పొటాషియం, అధివృక్క గ్రంథిలో గడ్డ, వీటికి తోడు నలభై ఏళ్ళకే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, ఇవన్నీ ఒకే మనిషిలో కనిపించినప్పుడు ప్రైమరీ అల్డోస్టిరోనిజం అనే జబ్బు కోసం వెతకకపోవడం పొరపాటే అవుతుంది. మీ ప్రశ్నకు జవాబు ‘అవును, తీసుకురాగలదు’ అనే.

అధివృక్క గ్రంథి ఒక్కొక్కటి నాలుగైదు గ్రాములకు మించి ఉండదు. దాని పై పొరలో తయారయ్యే అల్డోస్టిరోన్, ఒంట్లో ఉప్పు తగ్గినప్పుడు మూత్రంలో సోడియం వృథా కాకుండా కాపాడే హార్మోను. మూత్రపిండాల నుంచి వచ్చే రెనిన్ దానికి పగ్గం. ఒంట్లో ఉప్పూ నీరూ సరిపడా చేరగానే రెనిన్ తగ్గుతుంది, దాని వెనకే అల్డోస్టిరోన్ కూడా తగ్గాలి. గడ్డ గానీ, రెండు గ్రంథుల్లోనూ కణాల పెరుగుదల గానీ ఉన్నప్పుడు ఈ పగ్గం తెగిపోతుంది. రెనిన్ అడుగంటినా అల్డోస్టిరోన్ ఊరుతూనే ఉంటుంది. సోడియం నిలిచిపోతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది, బీపీ పెరుగుతుంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో జెరోమ్ కాన్ అనే వైద్యుడు కండరాల నీరసం, బీపీ, తక్కువ పొటాషియంతో వచ్చిన 34 ఏళ్ళ మహిళలో ఈ జబ్బును గుర్తించి 1955లో ప్రచురించారు. అందుకే దీన్ని కాన్ సిండ్రోమ్ అని కూడా అంటారు.

ఇక అసలు విషయం గుండె. బీపీ పెరిగింది కాబట్టి గుండె గోడ మందమయిందని సరిపెట్టుకుంటే సగమే అర్థమయినట్టు. అల్డోస్టిరోన్ తగులుకునే గ్రాహకాలు మూత్రపిండాల్లోనే కాక గుండె కండరంలోనూ, రక్తనాళాల గోడల్లోనూ ఉన్నాయి. ఆ హార్మోను ఏళ్ళ తరబడి అవసరానికి మించి తగులుతూ ఉంటే కండర కణాల మధ్య నారలాంటి పీచు పదార్థం పేరుకుపోతుంది. మెత్తగా సాగి రక్తాన్ని నింపుకోవలసిన జఠరిక బిరుసెక్కుతుంది. నింపుకోవడానికి అది మొరాయిస్తే ఆ ఒత్తిడంతా వెనక ఉన్న కర్ణిక మీద పడుతుంది, కర్ణిక సాగుతుంది, సాగిన కర్ణికలో పీచు గీతల మధ్య విద్యుత్ ప్రసారం దారి తప్పి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ పుడుతుంది. పొటాషియం కూడా తక్కువగా ఉంటే గుండె కణాలు ప్రతి స్పందన తరువాత తిరిగి సిద్ధం కావడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి కాబట్టి లయ తప్పడానికి అదొక ఆజ్యం.

ఇదంతా బీపీ వల్లనే ఎందుకు కాకూడదని మీరు అడగవచ్చు, ఆ సందేహం న్యాయమైనదే. 1990 ప్రాంతంలో బ్రిల్లా, వెబర్ అనే పరిశోధకులు ఎలుకల మీద చేసిన ప్రయోగాలు దీనికి నాకు తెలిసిన అందమైన సమాధానం. అల్డోస్టిరోన్‌ను, ఎక్కువ ఉప్పును కలిపి ఇచ్చిన ఎలుకల్లో పీచు ఎడమ జఠరికలోనే కాక కుడి జఠరికలో కూడా కనిపించింది. కుడి జఠరిక రక్తాన్ని పంపేది ఊపిరితిత్తులకు, ఒంటి బీపీ భారం దాని మీద పడదు. అల్డోస్టిరోన్ పెరగకుండా, మహాధమనిని బిగించి బీపీ మాత్రమే పెంచిన ఎలుకల్లో ఎడమ జఠరిక మందమయింది గానీ ఆ పీచు ఏర్పడలేదు. అల్డోస్టిరోన్ ఇస్తూనే ఉప్పు బాగా తగ్గించిన ఎలుకల గుండె కూడా దెబ్బతినలేదు. అంటే హార్మోనూ ఉప్పూ కలిసినప్పుడే నష్టం ఎక్కువ. ఊరగాయ లేనిదే ముద్ద దిగని మన ఇళ్ళలో ఈ ఒక్క మాట గోడ మీద రాసి పెట్టుకోదగినదని నేను నా దగ్గరికి వచ్చే వారందరికీ చెబుతుంటాను.

మనుషుల్లోనూ ఆధారం ఉంది. 2005లో ఫ్రాన్స్ వైద్యులు ఈ జబ్బు ఉన్న 124 మందిని, వయసులోనూ బీపీలోనూ వారికి సరితూగే 465 మంది మామూలు బీపీ రోగులతో పోల్చి చూశారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మొదటి వారిలో 7.3 శాతం, రెండో వారిలో 0.6 శాతం. గుండెపోటు 4 శాతం, 0.6 శాతం. పక్షవాతం 12.9 శాతం, 3.4 శాతం. బీపీ సమానంగా ఉన్నా ఇంత తేడా వచ్చిందంటే, అంకె ఒక్కటే అదుపులో పెట్టి ఊరుకుంటే చాలదని అర్థం.

చేయించవలసిన మొదటి పరీక్ష చాలా సులువైనది. రక్తంలో అల్డోస్టిరోన్, రెనిన్ రెండూ ఒకేసారి చూసి నిష్పత్తి కడతారు. ఉదయం లేచి రెండు గంటలయినా తిరిగాక, కాసేపు కూర్చోబెట్టి రక్తం తీస్తారు. అంతకు ముందే పొటాషియంను మామూలు స్థాయికి తేవాలి, ఎందుకంటే పొటాషియం తక్కువగా ఉన్నప్పుడు గడ్డ కూడా అల్డోస్టిరోన్‌ను తక్కువగా వదిలి మనల్ని తప్పుదారి పట్టించవచ్చు. గడ్డ ఉంది కాబట్టి అదే గ్రంథిలో తయారయ్యే మరో హార్మోను కార్టిసాల్ కూడా చూడాలి. రాత్రి ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్ర వేసుకుని మర్నాడు ఉదయం రక్తం ఇస్తే సరిపోతుంది. కార్టిసాల్ అతిగా ఉంటే అది బీపీని, చక్కెరను పెంచి, గుండె గోడను మందం చేసి, సిరల్లో రక్తం గడ్డకట్టే స్వభావాన్ని కూడా పెంచుతుంది. కొన్ని గడ్డలు ఈ రెండు హార్మోన్లనూ కలిపి వదులుతాయి.

ఇంకొక ప్రశ్న. మీ తమ్ముడు దగ్గుకో గొంతుకో అతిమధురం వాడుతున్నారా? కీళ్ళ నొప్పులకని ఎవరైనా పేరు చెప్పకుండా ఇచ్చిన మాత్రలు, ఇంజెక్షన్లు తీసుకున్నారా? రెండూ అడిగి రాయండి.

జవాబు: మిర్చి రైతు, ఖమ్మం జిల్లా

అమ్మా, డాక్టరు గారు చెప్పిన జబ్బు నాకు ఉండేది కాబట్టి అనుభవం రాస్తున్నాను. నాకు ఇప్పుడు 49 ఏళ్ళు, ఆపరేషన్ జరిగి నాలుగేళ్ళు అయింది.

నాకు మొదట తెలిసింది గుండె సంగతి కాదు, కాళ్ళ సంగతి. రాత్రి పడుకుంటే పిక్కలు పట్టేసేవి. మూడు నాలుగు సార్లు మూత్రానికి లేచేవాడిని. ఒక రోజు చేను గట్టు దిగుతుంటే మోకాళ్ళు వాటంతట అవే వంగిపోయి బురదలో కూలబడ్డాను, మా పాలేరు చేయి అందిస్తే గానీ లేవలేకపోయాను. అప్పుడు పొటాషియం 2.4 ఉంది. కొబ్బరి నీళ్ళు తాగమన్నారు, అరటిపళ్ళు తినమన్నారు, తాగాను, తిన్నాను, నెలకోసారి మళ్ళీ అదే కథ. కుండకు చిల్లి ఉన్నప్పుడు ఎంత పోస్తే ఏం నిలుస్తుంది? అయిదేళ్ళు అలా గడిచాక ఒక చిన్న వయసు డాక్టరమ్మ నా కాగితాలన్నీ బల్ల మీద వరుసగా పరిచి, ఈ నిష్పత్తి పరీక్ష రాసింది. అల్డోస్టిరోన్ బాగా ఎక్కువగా 38, రెనిన్ దాదాపు సున్నా.

తరువాత సెలైన్ పరీక్ష చేశారు. నాలుగు గంటల్లో రెండు లీటర్ల సెలైన్ ఎక్కించి, అంత ఉప్పునీరు పడినా అల్డోస్టిరోన్ తగ్గుతుందో లేదో చూస్తారు. నాకు తగ్గలేదు. సీటీలో ఎడమ వైపు గడ్డ కనిపించింది, అయినా వెంటనే ఆపరేషన్ చేయలేదు. నలభై దాటిన వారిలో ఏ పనీ చేయని గడ్డలు కూడా స్కాన్‌లో కనిపిస్తుంటాయనీ, ఎడమ వైపు గడ్డ ఉన్నా హార్మోను కుడి వైపు నుంచో, రెండు వైపుల నుంచో రావచ్చనీ చెప్పారు. అందుకని గజ్జ దగ్గర సిరలోంచి సన్నని గొట్టం పంపించి రెండు గ్రంథుల సిరల నుంచి విడివిడిగా రక్తం తీశారు. కుడి గ్రంథి సిర చాలా పొట్టిదట, నేరుగా పెద్ద సిరలో కలుస్తుందట, దాన్ని దొరకబుచ్చుకోవడానికే గంటకు పైగా పట్టింది. గొట్టం సరైన చోటనే ఉందా అని తేల్చుకోవడానికి కార్టిసాల్ కూడా కొలుస్తారు. ఈ పరీక్ష అనుభవం ఉన్న చోటనే చేయించండి, ఎన్ని చేశారో మొహమాటం లేకుండా అడగండి.

నాకు ఎడమ వైపు నుంచే వస్తోందని తేలింది. చిన్న రంధ్రాల ఆపరేషన్‌తో ఆ గ్రంథి తీసేశారు, మూడో రోజు ఇంటికి వచ్చాను. పొటాషియం మందు అవసరం అప్పటితో తీరిపోయింది. బీపీకి నాలుగు మాత్రలు వేసుకునే వాడిని ఇప్పుడు ఒక్కటే వేసుకుంటున్నాను. ఎకోలో గోడ మందం 15 నుంచి ఏడాదిన్నరలో 12కు వచ్చింది. అయితే లయ మాత్రం పూర్తిగా కుదుటపడలేదు. రక్తం పలచబడే మాత్ర ఇప్పటికీ వాడుతున్నాను. ఆ అయిదేళ్ళ ముందే పట్టుకుని ఉంటే ఇది కూడా తప్పేదేమోనని అనిపిస్తుంది, అందుకే మీరు ఆలస్యం చేయవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

జవాబు: విశ్రాంత నర్సు, విశాఖపట్నం

ముప్పై ఏళ్ళు ఐసీయూలో పని చేసిన దాన్ని. పై ఇద్దరూ గ్రంథి పై పొర గురించి రాశారు, లోపలి పొర గురించి కూడా ఒక మాట చెప్పాలి. అక్కడ తయారయ్యేవి అడ్రినలిన్, నారడ్రినలిన్. అక్కడ పుట్టే గడ్డను ఫియోక్రోమోసైటోమా అంటారు. అరుదే, కానీ తెలియకుండా దాని మీద చేయి వేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఒకసారి ఇరవై అయిదేళ్ళ కుర్రవాడిని తెచ్చారు. ముఖం తెల్లగా పాలిపోయి, దుప్పటి పిండితే నీరు కారేటంతగా చెమట. బీపీ 240 చూపించింది, గంట తిరగకుండానే 80కి పడిపోయింది, మళ్ళీ 200. ఎకో తీస్తే గుండె సగం బలం కూడా లేకుండా కొట్టుకుంటోంది, రక్తనాళాల్లో మాత్రం అడ్డంకి ఏమీ లేదు. అడ్రినలిన్ వరద గుండె కండరాన్ని అలా స్తంభింపజేస్తుంది. దడ తగ్గడానికి అంతకు ముందు ఎక్కడో బీటా బ్లాకర్ ఒక్కటే ఇచ్చి పంపించారని తరువాత తెలిసింది. ఈ గడ్డ ఉన్నవారికి ముందుగా ఆల్ఫా బ్లాకర్ ఇచ్చి రక్తనాళాల బిగువు సడలించాలి, ఆ తరువాతే అవసరమయితే బీటా బ్లాకర్. వరుస తిరగబడితే నాళాలను సడలించే మార్గం మూసుకుపోయి బిగించేది మాత్రం మిగులుతుంది, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ అబ్బాయి గుండె సరయిన మందులతో మూడు వారాల్లో దాదాపు మామూలు స్థితికి వచ్చింది, ఆపరేషన్ తరువాత నడిచి ఇంటికి వెళ్ళాడు.

ఈ గడ్డను తీసే ఆపరేషన్లు స్విట్జర్లాండ్‌లో సెజార్ రూ, అమెరికాలో చార్లెస్ మేయో 1926లోనే చేశారు. అమెరికా అధ్యక్షుడిగా పని చేసిన ఐసెన్‌హోవర్‌కు బీపీ, గుండెపోట్లు ఉండేవి. 1969లో ఆయన పోయాక శవ పరీక్షలో ఇలాంటి గడ్డ బయటపడింది. అంత వైద్యం అందుబాటులో ఉన్న మనిషికే బతికి ఉండగా తెలియలేదు.

పెద్దక్కా, మీ తమ్ముడికి తలనొప్పి, చెమట, దడ మూడూ కలిసి ఉండుండి వస్తున్నాయా? మెటోప్రొలాల్ కూడా బీటా బ్లాకరే, అది ఇప్పటికే మొదలు పెట్టారు కాబట్టి అడుగుతున్నాను. రాకపోయినా మెటానెఫ్రిన్ పరీక్ష గురించి అడగండి, అడ్రినలిన్, నారడ్రినలిన్ విరిగి ఏర్పడే పదార్థాలను అందులో కొలుస్తారు. ఆపరేషన్ బల్ల ఎక్కే ముందు ఆ అనుమానం తీరిపోవాలి.

ప్రశ్న అడిగినవారు: పెద్దక్క, కాకినాడ

ఇంత ఓపికగా రాసినందుకు ముగ్గురికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. తమ్ముడితో మాట్లాడాను. తలనొప్పి, చెమటలు లేవు. పిక్కలు పట్టేయడం, రాత్రి రెండు మూడు సార్లు లేవడం ఉన్నాయి, బీపీ జబ్బుతో వాటికేం సంబంధమని ఎవరికీ చెప్పలేదట.

డాక్టరు గారూ, మీరు అతిమధురం గురించి ఎలా ఊహించారో గానీ ఆశ్చర్యపోయాను. రోజుకు అయిదు గంటలు పాఠం చెప్పాలి కాబట్టి గొంతు బొంగురు పోకుండా మూడేళ్ళుగా అతిమధురం పుల్ల నములుతున్నాడు. జేబులో ఎప్పుడూ ఒక ముక్క ఉంటుంది. మూలిక కదా, మంచిదే అనుకున్నాం. మరి ఇదంతా దాని వల్లనేనా? అలాగయితే గడ్డ సంగతి వదిలేయవచ్చా? మెటోప్రొలాల్ వేసుకుంటూ ఆ నిష్పత్తి పరీక్ష చేయించవచ్చా?

జవాబు: ఒక ఫిజీషియన్, గుంటూరు

అతిమధురం ఈ రోజే మానిపించండి. ఊహించడానికి కారణం ఉంది. మన ఒంట్లో కార్టిసాల్, అల్డోస్టిరోన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తిరుగుతుంటుంది, అల్డోస్టిరోన్ గ్రాహకానికి కూడా తగులుకోగలదు. మూత్రపిండంలో ఒక ఎంజైము దాన్ని ఎప్పటికప్పుడు కార్టిసోన్‌గా మార్చి ఆ గ్రాహకం జోలికి పోకుండా ఆపుతుంది. అతిమధురంలోని గ్లైసిరైజిన్ సరిగ్గా ఆ ఎంజైమునే అడ్డుకుంటుంది. అప్పుడు అల్డోస్టిరోన్ పెరగకపోయినా ఉప్పు నిలవడం, పొటాషియం పోవడం, బీపీ పెరగడం అన్నీ జరుగుతాయి.

అయినా గడ్డను వదిలేయవద్దు. బీపీ ఏడేళ్ళ నాటిది, పుల్ల నమలడం మూడేళ్ళ నాటిది. రెండింటినీ విడదీసేది అదే రక్త పరీక్ష. అతిమధురం వల్ల అయితే రెనిన్, అల్డోస్టిరోన్ రెండూ తక్కువగా ఉంటాయి. కాన్ సిండ్రోమ్ అయితే రెనిన్ అణగి ఉన్నా అల్డోస్టిరోన్ ఎక్కువగా ఉంటుంది. అతిమధురం ప్రభావం పూర్తిగా పోవడానికి నాలుగు వారాలు ఆగి పరీక్ష చేయించడం మంచిది, ఈలోగా పొటాషియం వారం వారం చూపించుకుంటూ సరిచేయించండి.

మెటోప్రొలాల్ సంగతి. బీటా బ్లాకర్లు రెనిన్‌ను తగ్గిస్తాయి కాబట్టి జబ్బు లేకపోయినా నిష్పత్తి ఎక్కువగా కనిపించవచ్చు. టెల్మిసార్టాన్, క్లోర్థాలిడోన్ దీనికి విరుద్ధంగా రెనిన్‌ను పెంచుతాయి. ఆ రెండూ వేసుకుంటున్నా రెనిన్ అడుగంటి ఉంటే అనుమానం మరింత బలపడుతుంది. ఏది ఆపాలో, దాని స్థానంలో ఏది ఇవ్వాలో ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల వైద్యుడు), గుండె వైద్యుడు కలిసి నిర్ణయించాలి. మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపవద్దు, ముఖ్యంగా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చినదాన్ని. నర్సమ్మ గారు చెప్పిన మెటానెఫ్రిన్ పరీక్ష చేయించండి. పాత సీటీ సీడీని కూడా తీసుకువెళ్ళండి, గడ్డలో కొవ్వు శాతం ఎంతో చూస్తే ఆ అనుమానం చాలా వరకు అక్కడే తేలుతుంది.

ఒకవేళ రెండు వైపుల నుంచీ హార్మోను వస్తోందని తేలితే ఆపరేషన్ ఉండదు, స్పైరనోలాక్టోన్ గానీ ఎప్లెరినోన్ గానీ ఇస్తారు. ఇవి అల్డోస్టిరోన్‌ను గ్రాహకం దగ్గరే అడ్డుకుంటాయి. తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్నవారికి స్పైరనోలాక్టోన్ 25 మిల్లీగ్రాములు చేర్చితే మరణాలు 30 శాతం తగ్గాయని 1999లోనే తేలింది, ఆ రోగుల్లో అధివృక్క గడ్డలు లేకపోయినా. మగవారికి రొమ్ములు ఉబ్బి నొప్పి రావచ్చు, అలా అయితే ఎప్లెరినోన్‌కు మారుస్తారు. మోతాదు చాలిందా లేదా అన్నది బీపీ ఒక్కటే చూసి చెప్పకూడదు. అణగిపోయిన రెనిన్ మళ్ళీ లేచిందా అని చూడాలి. రెనిన్ లేవని వారిలో గుండె జబ్బుల ముప్పు అలాగే ఉండిపోతుందని 2018లో వచ్చిన పరిశోధన చూపింది. ఈ మందులు మొదలు పెట్టాక పొటాషియం ఎక్కువయ్యే ప్రమాదం ఉంటుంది కాబట్టి అప్పుడు సిరప్, కొబ్బరి నీళ్ళు డాక్టరును అడగకుండా వాడవద్దు.

ఎమర్జెన్సీకి పరుగెత్తవలసిన సందర్భాలు కూడా రాసి పెట్టుకోండి. దడతో పాటు కళ్ళు తిరిగి పడిపోవడం, ఛాతీలో నొప్పి, మాట తడబడటం, చేయి గానీ కాలు గానీ లేవకపోవడం, వీటిలో ఏది కనిపించినా పరీక్షల తేదీ కోసం ఆగవద్దు. నాన్నగారికి 52వ ఏట పక్షవాతం వచ్చిందన్నారు. ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా కూడా వస్తుంది. తమ్ముడి ఫలితం వచ్చాక మీరు కూడా ఒకసారి మీ బీపీ, పొటాషియం చూపించుకుని ఇక్కడ రాయండి.